పదకొండు గంటల ప్రయాణం

డ్యూటీలు వేసే గుమస్తా బల్ల మీద పైలట్ తన టోపీ విసిరికొట్టింది. నిద్రలేక ఆమె కళ్ళు భగభగ మండుతున్నాయి.

"ఇప్పుడే దిగాను. మళ్ళీ సాయంత్రం ఫ్లైటా?"

"పొద్దున ఎనిమిదికి బయల్దేరారు, ఒంటిగంటకి దిగారు. ఐదు గంటలేగా మేడమ్!"

"అది అక్కడి ఎనిమిది నాయనా! ఇక్కడప్పుడు తెల్లవారుజామున రెండు. తొమ్మిదివేల కిలోమీటర్లు ఐదు గంటల్లో ఎవడొస్తాడు?"

"ఎప్పుడూ ఇలాగే లెక్కేస్తున్నామండీ."

"అందుకే మావాళ్ళంతా సీట్లో తూగుతున్నారు!"

"మీరు ఎక్కనంటే ప్రయాణికులకేం చెప్పను?"

"పైలట్‌కి నిద్ర లేదని మైకులో చెప్పు. ఎంతమంది ఎక్కుతారో నేనూ చూస్తా."

గుమస్తా ఫోనందుకున్నాడు.

"ఇంకో పైలట్‌ని పిలుస్తాను లెండి."

"పిలువు. ఎన్ని గంటలు ఎగిరొచ్చాడో ముందు అతన్నే అడుగు."