కృప అనని మాట

సభకు పెద్దగా కూర్చున్న హెడ్మాస్టర్ జగదీశ్ సారుకు, చివ్వెంల నుంచి పని మానుకుని వచ్చిన మా వాళ్లకు, పిల్లలకు, అందరికన్నా ముందు ఈ రోజు రిటైర్ అవుతున్న మా తెలుగు మేడం అరుణకుమారి గారికి ఈ వీరమ్మ దండాలు. నాది ఐదో తరగతి చదువు. ఇది నేనే రాసుకొచ్చాను. మధ్యలో ఆగితే ఏడుస్తున్నానని అనుకోకండి, నా రాత నాకే అర్థం కాక ఆగుతాను. (నవ్వులు)

నిజానికి నన్ను మాట్లాడటానికి పిలవలేదు. పోయిన వానాకాలం జ్వరంతో చనిపోయిన నా బిడ్డ కృపారాణి బొమ్మను బడి గోడ మీద వేయించారు, మేడంకు శాలువా కప్పాక ఆ బొమ్మ మీది గుడ్డ నన్ను తీయమన్నారు. రంగులు వేసిన ధర్మేందర్ మా ఊరివాడే కాబట్టి పొద్దున్నే కొంచెం ఎత్తి చూపించాడు. బొమ్మ బాగుంది. కళ్లు అచ్చం అవే. దాని కింద "పూవు రాలినా పరిమళం మిగులుతుంది" అని రాసి, పక్కన నా బిడ్డ పేరు పెట్టారు. ఆ మాట నా బిడ్డ ఎన్నడూ అనలేదు. పరిమళం అనే మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు.

అది అన్న మాట వేరే ఉంది. కోదాడలో కథలు చెప్పే పోటీకి మేడమే తీసుకుపోయారు, నేనూ వెంట పోయాను. అక్కడ నా బిడ్డ చెప్పిన కథలో, కరువు కాలంలో ఒక ముసలమ్మ దాహంతో దొర ఇంటి ముందు నిలబడుతుంది. ఆయన అరుగు మీద కూర్చుని ఓర్పు గురించి, కష్టపడటం గురించి చెబుతూనే ఉంటాడు. దొర గొంతు పెట్టి నా బిడ్డ ఎంతసేపు సాగదీసిందంటే, వింటున్న మాకే నోరు ఎండిపోయింది. అప్పుడు ముసలమ్మ అంటుంది: "నీతి తర్వాత సెప్పు దొరా, ముందుగాల నీళ్లు పొయ్యి."

హాలంతా చప్పట్లు. ఒక జడ్జి సారు మాత్రం కథ చివర నీతివాక్యం లేదని మార్కులు కోశారు. తిరుగు బస్సులో పిల్ల ఏడుస్తుంటే మేడం దాని తల మీద చెయ్యి వేసి అన్నారు: "కథ నడిసి నడిసి ఒక మాట కాడికి చేరాలె బిడ్డా. నీది చేరింది. ఇగ దాని మీద ఇంకోటి అతికిస్తే, కొత్త చీరెకు మాసిక వేసినట్టుంటది." మేడం, మీరు ఎన్ని పాఠాలు చెప్పారో నాకు తెలియదు, నాకు మాత్రం ఆ ఒక్కటి చెప్పారు.

ఇప్పుడు పత్తి ఏరేకాడ ఆసామి ఉపన్యాసం మొదలుపెడితే మాతో ఏరే కమలమ్మ కొంగు దులుపుకుని ఆ ముసలమ్మ మాటే అంటుంది, ఆయన నవ్వుకుంటూ నీళ్ల బిందె పంపిస్తాడు. అసలు కథ వినని వాళ్లూ అంటున్నారు. నా బిడ్డ మట్టిలో ఉందని నాకు తెలుసు, కానీ వాళ్లు ఆ మాట అన్నప్పుడల్లా ఏరుతున్న చేయి ఆపి వింటాను.

బొమ్మ కింద ఆ మాటే రాయించమని పొద్దున హెడ్మాస్టర్ సారుతో చెప్పాను. "గోడ మీద గట్ల రాస్తే బాగుండదమ్మా, ఎవరికో తగిలినట్టుంటది" అన్నారు. తగలాలనే కదా సార్ అది చెప్పింది. మీరు మంచి మనసుతోనే రాయించారు, కాదనను. కానీ బతికున్నప్పుడు పోటీలో దాని కథకు నీతి లేదన్నారు, చనిపోయాక మీకు నచ్చిన నీతి దాని నోట్లో పెట్టారు. కాదని చెప్పడానికి అది లేదు. నేనున్నాను. (చప్పట్లు)

ఆ గుడ్డ నేను తీయను. తెల్ల రంగు కలిపి ధర్మేందర్ తయారుగా ఉన్నాడు, సారు ఊ అంటే ఆ పరిమళం మాట చెరిపేస్తాడు. అనేదాకా ఆ గోడ ముందే కూర్చుంటాను, భోజనాల దగ్గర నా కోసం చూడకండి. మేడం, మీకు దండ వేసి అక్కడికి పోతాను. ఇంతసేపు విన్నందుకు అందరికీ దండాలు. సెలవు ఈ రోజు మేడంకే. నేను తీసుకోవడం లేదు.