రెండు పొట్టల పడవ

తమ్ముడు కొన్న పాత తెరచాప పడవ పక్కపక్కనున్న రెండు బోలు పొట్టలనూ ఇసుకకు ఆనించి నిలిచి ఉంది. తెరచాప ఎత్తేసిన అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. అక్క మాత్రం ఎడమ పొట్టను వేలి కణుపుతో తడుతూ అంగుళం అంగుళం నడుస్తోంది.

"గాలి పడిపోతుందక్కా. పాప లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చుంది."

"ఇందాకటిదాకా ఖంగుమంది. ఇక్కడ మెత్తగా పలికింది, విన్నావా?"

"పాతది కదా. మన మోకాళ్ళు పలకడం లేదూ?"

"నిన్న ఒడ్డుకొచ్చి ఈ పొట్ట అడుగు బిరడా తీస్తే లోపల్నుంచి ఎన్ని నీళ్ళొచ్చాయి?"

"ఓ రెండు మగ్గులు."

"నిజం చెప్పు."

"బకెట్టు. నిండా కాదులే."

"అమ్మినాయనకి తెలుసా?"

"నడుంలోతు దాటొద్దన్నాడు."

"తెలిసే రంగేసి అమ్మాడు. తెలిసే నువ్వూ కొన్నావు."

"ఎన్నాళ్ళని ఒడ్డునే కూర్చోమంటావు? ఒక్క చుట్టు తిప్పి తెస్తాను. నా కూతురు తనే వస్తానంది."

"దానికి ఏడేళ్ళు. నువ్వు పిలిస్తే ఎక్కడికైనా వస్తుంది. అందుకే నిన్నడుగుతున్నాను, దీనిమీద దాన్ని ఎక్కిస్తావా?"

చాప పటపటలాడింది. అతను తాడు ముడి విప్పి, చాపను దించసాగాడు.

"పాపకి నువ్వే చెప్పక్కా."

"పిలిచింది నువ్వు."