బాగుండానన్న మాట

అనంతపురంలో, మాజీ సైనికుల ఆఫీసు వరండాలో కూర్చుని అర్జీలు రాసే పాత హవల్దారుకు, రిటైరైన సిపాయి ఒకడు తెచ్చిన కాగితం చదవగానే ఒళ్ళు మండింది. అతని వైకల్యం పింఛను కొట్టేశారు.

"ఏమప్పా, మోకాలు నొప్పి లేదని డాక్టరుకు నువ్వే చెప్పినావంట?"

"ఆయన మిలిట్రీలో పెద్ద ఆఫీసరన్నా. ఎట్లుండావని అడిగితే, బాగుండానంటి."

"కర్ర?"

"బయటే పెట్టి పోయినా. ఆయన ముందర కుంటితే ఏం మర్యాద?"

"నొప్పి బయటికి చూపొద్దని ఇరవై ఏండ్లు మనకు నేర్పింది వాళ్ళే గదా. ఇప్పుడు దాన్నే పట్టుకొని కొట్టేసినారు. సరే," అంటూ హవల్దారు అప్పీలు రాసి చేతికిచ్చాడు. "ఇది లోపలిచ్చి, నకలు మీద ముద్ర, నంబరు ఏపిచ్చుకో. నెలనెలా వచ్చి ఆ నంబరు చెప్పి అడుగు. డాక్టరు మళ్ళా పిలుస్తాడు. అప్పుడేమంటావు?"

"నొప్పంటా."

"గట్టిగా చెప్పు."

సిపాయి దిగ్గున లేచి, మడమలు కలిపి, నిటారుగా నిలబడ్డాడు. మోకాలు కలుక్కుమని మొహం పాలిపోయింది.

"చాలా నొప్పుండాది సార్!"

"కూచోని చెప్పప్పా," అన్నాడు హవల్దారు మెల్లగా.