ఓబులవ్వ దాలి నిప్పు

ఓబులవ్వ తెల్లారకముందే లేచేదంట. కోడి కూసేసరికి వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, పొయ్యి అలికి దాని ముందర కూచునేది. కూచుని ఏం చేస్తాది? పొయ్యి ముట్టించకూడదు. ఎందుకంటే ఆమె ఉండేది ఇనపగుత్తి కోటలో. ఊరి చుట్టూ గోడ, గోడకు ఒకటే వాకిలి, లోపల రాజు నోట్లోంచి వచ్చిందే శాసనం. వీధిలో ఉమ్మితే మూతిమీద కొరడా. పల్లకీ ఎదురుగా తుమ్మితే ముక్కుకు తాడు. అన్నిటికంటే పెద్ద శాసనం ఏందంటే, రాత్రి అందరూ పొయ్యిలో నీళ్లు చల్లాల, మర్నాడు రాజు మేడలో పొయ్యి ముట్టినాకే అక్కడినుంచి నిప్పు తెచ్చుకోవాల. ముందుగా ఎవరింట పొగ లేచినా అరచేతికి ఇనపకడ్డీతో వాత. అదీ పొద్దు కుంకేలోపల పెట్టాల. పెట్టకపోతే ఆ వాత తలారికి. సరే, ఆ రాజన్నా పొద్దున్నే లేస్తాడా అంటే, ఆయన కండ్లు తెరవాలంటే పొద్దు నెత్తిమీదికి రావాల. అందాకా ఊరంతా చల్లనీళ్లు తాగి కూచునేదనుకో.

అట్లుండగా ఏమైందంటే, ముసురు పట్టింది. ఆ ముసురులోనే ఓబులవ్వ కోడలు గంగులు బిడ్డను కనింది. బాలింతకు పొద్దున్నే వేన్నీళ్లు పడాల, మీకు చెప్పాల్నా అమ్మా, మీరూ కన్నోళ్లే కదా. బిడ్డ పాలకు ఏడుస్తాంది, తల్లి చలికి వణకతాంది. ఓబులవ్వ ఇంక రాజనీ చూడలేదు, శాసనమనీ చూడలేదు. దొడ్లో పాలు కాచుకునే గుంత, అదే దాలి, దాంట్లో బూడిద కింద రాత్రే నిప్పు దాచింది. దాన్ని రేపి, పిడకలేసి, నీళ్లు పెట్టింది. పిడకలు తడి. పొగ గుప్పున లేచింది. తలారి తిమ్మన్న పరిగెత్తుకోని వచ్చినాడు. ఏందవ్వా ఈ పొగ అంటే, పొగేరా, నీ కంటికి మంచు మాదిరి కనపడతాందా అనింది. అయ్యో, నీ చేయి కాల్చాల్నే అవ్వా అంటే, కాల్చుదువులే, ముందు బాలింతను నీళ్లు పోసుకోనీ అని, కోడలికి ఒళ్లు తుడిచి, సాంబ్రాణి వేసి, అప్పుడు కదిలిందంట.

మేడకు పోయి చూస్తే ఏముంది? వంటింటి కప్పు కురిసి రాజు పొయ్యే ఆరిపోయింది. చెకుముకి రాయి కొడదామంటే దూది నానిపోయింది. రాజు ఆకలికి కడుపు పట్టుకోని కూచున్నాడు. ఇనపకడ్డీ చల్లగా పడుంది. అట్లా చూస్తాండగానే పొద్దేమో దిగతాంది. కుంకితే వాత నాకే అని తిమ్మన్న తన అరచేయి తిప్పి తిప్పి చూసుకుంటాన్నాడు. తనకు పెట్టాలన్నా నిప్పు కావాలనే తెలివి వానికి లేదు! రాజన్నాడు, ఈ ముసలిదాని దాలిలో ఉంది కదరా, పోయి తెండి అని. దానికి ఓబులవ్వ, "నిప్పడిగితే లేదనేది మా ఇంటా వంటా లేదు సామీ. పెంకు తెచ్చుకుంటే పెడతా. కానీ అది శాసనం తప్పిన నిప్పు. ఆ నిప్పుతో పొయ్యి ముట్టించినోనికి కూడా వాత పడాల్నే. ఎవరొస్తారో రమ్మను" అనింది. అంతే. వంటాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మంత్రి చంకలో పెట్టుకున్నాడు. తిమ్మన్న చేతుల మీదే కూచున్నాడు.

చూసి చూసి, ఆకలికి ఆగలేక, రాజే లేచినాడంట. పగిలిన కుండపెంకు ఒకటి పట్టుకోని, తలపాగ విప్పి దాని మీద కప్పి, వానలో బురదలో ఓబులవ్వ దొడ్లోకి వచ్చి నిలబడినాడు. ఆమె దాలి రేపి, "చేయి చాపు సామీ" అనింది. ఆయన గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. "వాతకు కాదులే, నిప్పుకే" అనింది అవ్వ.

ఆ పూట తిన్నాక రాజు ఆలోచన చేసినాడు. శాసనం నిలిస్తే ముందు కాలేది తన చెయ్యే. తీసేస్తే పరువు పాయ. మర్నాడు దండోరా వేయించినాడు: నిన్నటినుంచి ఓబులవ్వ దాలే రాజు పొయ్యి, ఆ పొగ లేచినాకే ఊళ్లో పొయ్యిలు ముట్టించాల అని. ఇంకేముంది, నిన్నటి పొగకు తప్పు లేకపాయ, అవ్వ చేయీ మిగిలింది, రాజు చేయీ మిగిలింది, తిమ్మన్న చేయీ మిగిలింది. కోడి కూసేసరికి ఊరంతా పెంకులు పట్టుకోని అవ్వ వాకిట్లో ఉండేది, పొద్దు పొడిచేసరికి ఇంటింటా సంగటి ఉడికేది. రాజు కూడా పొద్దున్నే తిని, మద్దేన్నం కోపాలు తగ్గించుకున్నాడంట.

శాసనం అట్లనే ఉండాది, చూడండి. రాజు పొయ్యి మాత్రం ముందు లేచేదాని ఇంటికి వచ్చింది. నన్నడిగితే, పదిమందికి కట్టడి పెట్టేవాడు ఆ పదిమంది కంటే ముందు లేవాల. లేవలేనోడు నోరు మూసుకోని పడుకోవాల. ఆ మాటకొస్తే మీరూ లేవండి, కథ వింటా కూచుంటే మీ పొయ్యి రాజొచ్చి ముట్టిస్తాడా?