ఆది చొక్కా

క్రిస్మస్ రోజు పొద్దున. వంటగదిలో అత్త, కోడలు.

"...గుమ్మానికి నక్షత్రం కట్టకపోతే కట్టకపోయావు, కనీసం తలన్నా దువ్వుకో అమ్మాయ్. ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?"

"ఎవరొస్తారు అత్తయ్యా? మీ అబ్బాయికి డ్యూటీ. మీరేమో వెళ్తున్నారు."

"ఎక్కడికో పోతున్నట్టు చెప్తావేం. మా చెల్లెలింటికేగా. సాయంత్రానికి వచ్చేస్తాను."

"పోయిన ఆదివారం కూడా సాయంత్రానికే అన్నారు. మర్నాడు వచ్చారు."

"దాని మోకాళ్ళ నొప్పులు నీకేం తెలుసు. నువ్వు చర్చికి వెళ్ళిరా. మనసు తేలికపడుతుంది."

"వెళ్తే ముందు వరసంతా నేను కుట్టిన బట్టలే. నెల రోజులుగా వాటినే చూస్తున్నాను. ప్రార్థన రాదు, కుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాను."

"మరి పండగ పూట మొహం అలా వేలాడేసుకుని..."

"ఈ ఒక్క రోజుకి ఉండిపోండి అత్తయ్యా."

"ఏంటీ?"

"ఇద్దరం ఇంట్లోనే ఉందాం. ఏదో ఒకటి వండుకుని తిందాం. నాకివాళ ఒక్కదాన్నే ఉండాలని లేదు."

"పెళ్ళయిన ఆరేళ్ళలో నువ్వు నన్ను ఉండమనడం ఇదే మొదలు. జ్వరమేమన్నా తగిలిందా?"

"షాపుకి ఒకావిడ వచ్చింది. పది రోజులైంది."

"షాపన్నాక వస్తారు."

"ఇంకెక్కడా పండగ ఆర్డర్లు తీసుకోవట్లేదట. ఊరికి ఆ చివర నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. చంకలో ఏడాది పిల్ల. మగమనిషికి చొక్కా, పిల్లకి గౌను, రెండూ ఒకే గుడ్డలో కావాలంది. మావారు కొలతలివ్వడానికి రారండీ, ఆయనకి తీరదు, ఇదిగో ఆది చొక్కా, దీన్ని చూసి కుట్టండి అని పాతది చేతిలో పెట్టింది."

"అయితే?"

"అది నేను కుట్టిన చొక్కా."

"నువ్వు ఊళ్ళో సగం మందికి కుడతావు."

"ఎడమ భుజం పావంగుళం దించి ఎంతమందికి కుడతాను?"

"పాలు పొంగుతున్నాయి, చూడు."

"ఆపేశాను."

"పొరబడి ఉంటావులే. భుజం వంకర చాలామందికి ఉంటుంది."

"జేబు లోపల పచ్చదారం ఉంది అత్తయ్యా. ఆ రోజు తెల్లదారం అయిపోయింది. లోపలేగా, ఎవడు చూస్తాడు, కుట్టెయ్ అన్నది మీరే."

"దౌర్భాగ్యుడు. వాడి తండ్రి ఇలాంటివాడు కాదు. ఎవరిని చూసి నేర్చుకున్నాడో."

"కూర్చోండి."

"ఆ చొక్కాని అక్కడే కత్తెరతో..."

"కొత్తది కుట్టిచ్చాను."

"కుట్టావా?"

"చెడగొడదామనే మిషన్ ముందు కూర్చున్నాను. చెయ్యి నా మాట వినలేదు. నిన్న వచ్చి తీసుకెళ్ళింది. బాగా కుదిరాయక్కా అంది."

"అక్కా అందా? సిగ్గులేని మనిషి."

"దానికేం తెలుసు, నేనెవరో. అవును గానీ, పిల్ల ఎవరి పోలికని మీరడగలేదేం?"

"నాకెందుకు? ఎవరి పోలికైతే నాకేం?"

"ముక్కు అచ్చం మీదే."

"వాణ్ని ఇంటికి రానీ. గుమ్మంలోనే నిలబెట్టి కడిగేస్తాను. కన్నకొడుకైతే మాత్రం? నేను నీ వైపే అమ్మాయ్. ముందే తెలిసుంటే చెప్పు తీసుకుని కొట్టేదాన్ని."

"తెలిసుంటే."

"పండగ పూట అబద్ధమాడతానా? ఈ కళ్ళతో చూడలేదు, ఈ చెవులతో వినలేదు."

"అయితే ఉంటారా? ఈ ఒక్క రోజు."

"ఉండేదాన్నే. కానీ మాట ఇచ్చేశానే. అది పొద్దుటి నుంచీ వండి పెట్టుకుని ఎదురు చూస్తుంటుంది. రేపు ముగ్గురం కూర్చుని మాట్లాడదాం. తలుపేసుకుని కాసేపు పడుకో. నా చెప్పులేవీ?"

"అక్కడే, మెట్టు మీద. అత్తయ్యా, ఆవిడ తెచ్చిన ఆదులు రెండు."

"రెండేంటి?"

"రెండోది మా అత్తగారిది అని ఇచ్చింది. మీ నీలం జాకెట్టు. కొత్తదానికి చేతులు కాస్త వదులు చేశాను, వెళ్ళాక వేసుకుని చూసుకోండి. అక్కడి తిండి మీకు బాగా ఒంటబట్టినట్టుంది."