పాపన్న బిగించిన బోల్టులు

పన్నెండు గంటలకు వై.ఎన్.హొసకోట నుంచి సామాన్ల టెంపో బయల్దేరుతుంది. ఆలోపల నాగరాజ అక్కడి అంగడికి ఫోన్ చేసి, తన ఇంటి కప్పుకు రేకులు పంపాలో మంగళూరు పెంకులు పంపాలో తేల్చి చెప్పాలి. పోయిన వానలకు పాత మట్టి మిద్దె దూలం విరిగి కూలిపోయింది. కొత్త గోడలైతే లేచాయి గానీ, పైన ఇంకా ఏమీ లేదు. పెళ్లాం మంజుశ్రీ ఆరునెలల పాపను పెట్టుకుని పక్కింటి వసారాలో పడుకుంటోంది. ముంగారు వానలు ఇంకో పది రోజుల్లో వస్తాయి, వానకు ముందే గాలి వస్తుంది. బలసముద్రంలో పుట్టినవాడికి ఆ గాలి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నాగరాజకు నిజంగానే భయంగా ఉంది.

ఆ భయంలో సుంకమ్మ టీ అంగడి దగ్గర కూర్చుని చేయకూడని పని చేశాడు. పాపన్నను సలహా అడిగాడు.

పాపన్న సోలార్ పార్కులో పలకలు కడిగే కూలి మనిషి. నోరు మాత్రం పెద్ద ఇంజినీరుది. పోయినేడు తన ఇంటికి తనే రేకులు వేసుకున్నాడు, అప్పటినుంచి ఊళ్లో ఎవరి కప్పు గురించి మాటొచ్చినా మధ్యలో దూరకుండా ఉండలేడు.

"రేకులే వేయించు అల్లుడా. పెంకులనే మాట ఇంకోసారి అనొద్దు. రెండు కోతులు ఎక్కితే సగం పొడైపోతాయి. నేను జగన్నాథ్ అంగట్లో ఒక్కో రేకూ వేలితో కొట్టి, చెవి పెట్టి ఇని ఏరుకొచ్చినా. మంచి రేకు ఖంగుమంటాది. నూరు రేకులు కొడితే పదకొండు దొరికినాయి."

ఇంతవరకూ బాగానే ఉంది. నాగరాజ తల ఊపాడు.

"తెచ్చి నా చేత్తో నేనే బిగించినా. నలభై హుక్కు బోల్టులు. ఒక్కోదానికి డ్రిల్లుతో బెజ్జం, పైన రబ్బరు వాషరు. నేను బిగించిన బోల్టుకు ఇద్దరు మనుషులు యేలాడినా ఊడదు. అదే నా కొంప ముంచిందప్పా! ఆ తర్వాత ఏమైందో తెలుసునా?"

"తెలుసంటే మాత్రం చెప్పకుండా ఉంటావా," అంది సుంకమ్మ గ్లాసులు కడుగుతూ.

"పోయినేడు ఉగాది అయినాక పెద్ద గాలొచ్చె చూడు, అప్పుడు నేను కప్పు పైనే ఉండా. గాలి ఒక మూల పట్టి లాగింది, బోల్టు ఊడలేదు. ఇంకో మూల లాగింది, ఊడలేదు. దానికి రోషమొచ్చి కప్పుకు కప్పే లేపింది. పదకొండు రేకులూ, కింద ఇనుప పైపులూ, పైన నేనూ!"

పాపన్న ఇంటి వెనకే గొర్రెల దొడ్డి ఉన్న కదిరయ్య మూలన కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

"కింద పడలేదా మామా?" అన్నాడు నాగరాజ.

"యాడ పడేది? రెండు చేతులా అంచు పట్టుకోని కూర్చుంటి. ఎడమకు ఒరిగితే ఎడమకు పోతాది, కుడికి ఒరిగితే కుడికి, బైకు మాదిరే. సోలార్ పార్కు మీదికి పోయినాం. నా కప్పు నీడ పడేసరికి కింద కరెంటు నిలిచిపాయ. బెంగళూరులో లిఫ్టులు మధ్యలో ఆగిపాయ. ఇంజినీర్లు బయటికి ఉరికొచ్చి, 'పాపన్నా, రవ్వంత పక్కకు జరగప్పా' అని చేతులెత్తి మొక్కినారు. పాపమని క్యాతగానచెర్లు దిక్కు తిప్పినా."

"అంత ఎత్తులో నిన్ను ఎట్ల గుర్తుపట్టినారు?"

"రోజూ వాళ్ల పలకలు కడిగేదెవరు సుంకమ్మా?"

ఎగిరిందంతా ఉత్త కోతలేనని నాగరాజకు తెలుసు. బోల్టుల మాట మాత్రం నిజమే అయ్యుంటుందనుకున్నాడు. మనిషి రబ్బరు వాషరు దాకా చెబుతుంటే ఎవరు మాత్రం నమ్మరు?

"హొసకోట బస్టాండు మీదికి పోయినాం. కండక్టరు తలెత్తి, టికెట్ తీసుకోమన్నాడు. ఇది సొంత బండప్పా అని చెప్పి, ఎనక్కి తిప్పినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? గాలే అలిసిపోయి, తెచ్చి మా గోడల మీదనే దించింది. పదకొండుకు పదకొండు రేకులూ, నలభైకి నలభై బోల్టులూ. లోపల నా పెండ్లాం రంగక్క సంగటి కెలుకుతాండాది, కప్పు పోయొచ్చిందనే తెలీదు ఆమెకు! ఇప్పుడు చెప్పు, పెంకులు ఎగిరిపోతే తిరిగొస్తాయా? రేకులకు ఫోన్ చెయ్. ఫిట్టరు ఎందుకు, నేనే వచ్చి బిగిస్తా."

పదకొండుంబావు ఎప్పుడో దాటింది. నాగరాజ ఫోను తీసి నంబరు వెతుకుతున్నాడు.

"పాపన్నా," అన్నాడు కదిరయ్య. "ఆ గాలికి ఒక రేకొచ్చి మా దొడ్లో పడింది. నీదేనని మర్నాడు తెచ్చిస్తే, 'నేను బిగించిన రేకు ఎగరదు, నాది కాదు' అంటివి. కొత్తది తెచ్చి వేసుకుంటివి గానీ అది తీసుకోకపోతివి. ఈ పొద్దు ఎగిరిందని నీ నోటితోనే అంటివి. అయితే అది నీదే. వచ్చి తీసుకపో."

పాపన్న టీ గ్లాసులోకి చూశాడు.

"ఇంకొకటి. తీగతో దొడ్డికి కట్టుకుందామని నాలుగు అంచులూ తడిమినా. ఒక్క బెజ్జం లేదప్పా దానికి."

"మంచి రేకు కదన్నా," అన్నాడు పాపన్న. "పూడుకపోయింటాయి."

"పూడుకపోనీ. రేకుతోపాటు మీ రుబ్బుగుండు కూడా వచ్చి పడింది. రంగక్క వచ్చి, రేకులు లేవకుండా దాన్ని పైన పెట్టింటిరని చెప్పి, మాదేనని తీసుకపాయ."

సుంకమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నాగరాజకు నవ్వు రాలేదు. బోల్టు లేని కప్పు, దానిమీద బరువుకు పెట్టిన రుబ్బుగుండు, కింద పాప ఉయ్యాల అతని కళ్లముందు కనబడ్డాయి.

నంబరు నొక్కాడు. హొసకోట అంగడివాళ్లు ఫోను ఎత్తారు. "రేకులే పంపన్నా," అన్నాడు నాగరాజ. "హుక్కు బోల్టులు ఒక అరవై పెట్టు. ఫిట్టరును కూడా ఆ టెంపోలోనే ఎక్కించు. నేను నిచ్చెన చూసిపెడతా."

పాపన్న చల్లారిన టీ తాగేసి, లేచి, అంగడి బయటికి వచ్చి ఒకసారి పడమటి దిక్కు మబ్బును చూశాడు. తర్వాత నాగరాజ దగ్గరికి వచ్చి, మిగతావాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఆ ఫిట్టరును అట్లే రవ్వంత మా ఇంటికీ పంపప్పా."