జమునాబాయి గారి పంతొమ్మిది పుస్తకాలు

1991 జులై మూడవ తేదీ, బుధవారం ఉదయం, బాన్సువాడలోని కాలువల కార్యాలయంలో అటెండరుగా చేరిన శ్రీమతి జమునాబాయి గారికి తొలిరోజు అప్పగించిన పని రికార్డు గదిలోని ఫైళ్ల దుమ్ము దులపడం. దులిపిన ప్రతి ఫైలునూ తెరిచి చూడమని మాత్రం వారికి ఎవరూ చెప్పలేదు. తండాలో ఏడో తరగతితోనే చదువు ఆగిపోయిన ఆ యువతికి, కాగితాల కట్టలో ఏముందో తెలుసుకోకుండా పక్కన పెట్టడం చేతకాలేదు.

ఆ కుతూహలమే వారిని ముందుకు నడిపించింది. ఉద్యోగం చేస్తూనే పదో తరగతి, ఆపై ఇంటర్మీడియట్ ఉత్తీర్ణులై, 2002లో బిచ్కుందలో రికార్డు అసిస్టెంటుగా, 2009లో తిరిగి బాన్సువాడలో జూనియర్ అసిస్టెంటుగా, తదనంతరం సీనియర్ అసిస్టెంటుగా పదోన్నతులు పొందారు. నిజాంసాగర్ నీరు ఏ తూము నుండి ఏ ఊరికి ఏ ఏడాది ఆలస్యంగా చేరిందో ఫైలు నంబరుతో సహా చెప్పగల జ్ఞాపకశక్తి వారిది.

పదవీ విరమణకు పదిహేను నెలల ముందు వారికొక సందేహం కలిగింది. వేల ఫైళ్లు చదివిన తాను ఒక్క పుస్తకాన్నైనా మొదటి నుండి చివరిదాకా చదివానా అని. 2024 జనవరి ఒకటిన డైరీలో ‘ఈ ఏడాది ఇరవై నాలుగు పుస్తకాలు’ అని రాసుకున్నారు. చదివిన ప్రతిదానిపైనా అరపేజీ అభిప్రాయం రాసి నోటీసు బోర్డు పక్కన అంటించసాగారు. తేనెటీగల పెంపకం, ఓ నావికుని ఆత్మకథ, ఒక అపరాధ పరిశోధక నవల. ఆ నవల గురించి, ‘హంతకుడెవరో నలభయ్యో పేజీలోనే తెలిసింది, పోలీసులకు ఎప్పుడు తెలుస్తుందోనని చివరిదాకా చదివాను’ అని రాశారు. సహోద్యోగులు టీ గ్లాసులతో అక్కడే నిలబడి చదవడం అలవాటు చేసుకున్నారు.

ఏడో పుస్తకం, డిప్యూటీ ఇంజనీరు శ్రీ బ్రహ్మానందం గారు కాలువల చరిత్రపై స్వయంగా రచించి సిబ్బందికి పంచినది. ‘ప్రతి తూము కొలతా ఉంది. వరదలో నిలబడి ఆ తూముల తలుపులు ఎత్తి దించిన లష్కర్ల పేరు ఒక్కటీ లేదు. ఎందుకో తెలియలేదు’ అని జమునాబాయి గారు రాశారు.

పక్క సీటులోని ప్రియదర్శిని కంగారుపడ్డారు. “అక్కా, ఆ కాగితం తీసెయ్యరాదూ. ఇగ రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది. నీ పెన్షన్ కాగితాల మీద ఆ సారే సంతకం పెట్టాలె.”

“అనుకునేది ఒకటి, రాసేది ఒకటి అయితే గీ చదువెందుకు చెల్లే?”

మాట అలా అన్నారే గాని, ఆ మధ్యాహ్నం జమునాబాయి గారు రెండుసార్లు బోర్డు దాకా వెళ్లి వచ్చారు, కాగితం మాత్రం తీయలేదు. మూడో రోజు బ్రహ్మానందం గారు ఆ కాగితం చదివి, నేరుగా జమునాబాయి గారి బల్ల దగ్గరకు వచ్చి, ఆ పేర్లు ఇప్పుడు దొరుకుతాయా అని అడిగారు. జమునాబాయి గారు వెంటనే రికార్డు గది తాళంచెవి అందుకున్నారు. రెండు వారాలు పాత హాజరు పట్టీలు తిరగేస్తే ముప్పై ఏడు పేర్లు వెలికివచ్చి, రెండో ముద్రణలో ఒక అధ్యాయమయ్యాయి.

అందులో ఒకరైన రూప్లా గారు ఎనభయ్యో పడిలో ఉన్న విశ్రాంత లష్కర్, చదువు రాదు. జమునాబాయి గారు ఆయన ఉండే తండాకు వెళ్లి, పేరున్న పేజీ చదివి వినిపించి లేవబోయారు. పెద్దాయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“నా పేరున్నది, మంచిదే బిడ్డా. మరి మిగిలిన పేజీలల్ల ఏమున్నది?”

వారు మళ్లీ కూర్చున్నారు. మొదటి పేజీ తీశారు. పుస్తకం ముగిసేసరికి తొమ్మిది ఆదివారాలు పట్టింది. ఏడాది లక్ష్యం వెనకబడింది. డిసెంబరు ముప్పై ఒకటిన బోర్డు పక్కన చివరి కాగితం వెలిసింది: ‘చదివినవి పంతొమ్మిది. అందులో ఒకదాన్ని రెండుసార్లు. రెండోసారే బాగా అర్థమైంది. రూప్లా తాత అడిగిన కొన్నింటికి జవాబు పుస్తకంలో లేదు, ఆయన దగ్గరే ఉంది.’

ముప్పై మూడేళ్ల సేవ ముగించి ఈ మార్చి 31న వారు సెలవు తీసుకుంటున్నారు. ఈ ఏటి లక్ష్యమెంతని ప్రియదర్శిని అడిగితే, “అంకె పెట్టుకోలే. ఏ పుస్తకం ఎన్ని దినాలు కూసోపెడ్తదో సూడాలె” అన్నారట. వారి కంటికి చూపు, ఒంటికి సత్తువ, ఇంట సుఖశాంతులు నూరేళ్లు నిండుగా ఉండాలని, చదివి వినిపించినప్పుడల్లా ఎదురు ప్రశ్న వేసే మనిషి ఎల్లప్పుడూ వారికెదురుగా కూర్చుని ఉండాలని సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష.